‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’... ఈ చిన్న మాటలు ఎవరి పక్షం?

ఇంగ్లీషులో ‘హి ర్యాన్ అప్ ఎ హిల్’ అంటే అతను పరుగున గుట్ట ఎక్కాడని. ‘హి ర్యాన్ అప్ ఎ బిల్’ అంటే ఖర్చు మీద ఖర్చు పెట్టి పెద్ద బిల్లు చేసుకున్నాడని. రెండు వాక్యాలకీ తేడా చివరి మాటలో ఒక్క అక్షరం, అంతే. కానీ లోపలికి వెళ్లి చూస్తే వీటికి పోలికే లేదు. మొదటి వాక్యంలో ‘అప్ ఎ హిల్’ అన్నది ఒక ముక్క, దాన్ని ఎత్తి వాక్యం మొదట్లో పెట్టి ‘అప్ ద హిల్ హి ర్యాన్’ అన్నా చెల్లుతుంది. రెండోదాంట్లో ‘ర్యాన్ అప్’ ఒక ముక్క, బిల్లు దానికి కర్మ. ఇక్కడ ‘అప్ ద బిల్ హి ర్యాన్’ అంటే చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషే మాట్లాడుతున్నవాళ్లు తెల్లమొహం వేస్తారు. దీన్ని ‘ర్యాన్ ఇట్ అప్’ అని కూడా అనొచ్చు, గుట్ట విషయంలో మాత్రం అలా అనడం కుదరదు.

క్రియ పక్కన కనిపించే ఈ చిన్న మాటల గొడవంతా చాలావరకు ఒక్క ప్రశ్న దగ్గర తేలిపోతుంది. ఆ మాట క్రియ తాలూకు మనిషా, లేక తర్వాత వచ్చే నామవాచకం తాలూకు మనిషా? క్రియ తాలూకు అయితే వ్యాకరణం దాన్ని ఆడ్వర్బ్ అంటుంది, కొందరు పార్టికల్ అంటారు. నామవాచకం తాలూకు అయితే ప్రిపోజిషన్. పేర్లు మర్చిపోయినా నష్టం లేదు గానీ పక్షం మాత్రం తెలియాలి, ఎందుకంటే ఏ మాట ఎక్కడ పెట్టాలి, దేన్ని ఒత్తి పలకాలి, మధ్యలో ఇంకో మాట దూర్చొచ్చా లేదా అన్న నియమాలన్నీ ఆ పక్షపాతంలోంచే పుట్టుకొస్తాయి.

తెలుగులో ఈ సందేహానికే చోటు లేదు. ‘ఇంట్లో’, ‘బల్లమీద’, ‘అమ్మకి’ అన్నప్పుడు విభక్తి వెళ్లి నామవాచకం వెనకాల అతుక్కుంటుంది, క్రియేమో దూరంగా వాక్యం చివర కూర్చుంటుంది. రెండింటి మధ్యా ఎవరికీ చెందకుండా తేలే మాట లేదు. ఇంగ్లీషులో అలా కాదు, క్రియ ముందొస్తుంది, కర్మ తర్వాత వస్తుంది, మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ‘అప్’ కూర్చున్నా ‘ఎట్’ కూర్చున్నా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. పైగా బడిలో వాటన్నిటికీ ప్రిపోజిషన్ అనే ఒక్క పేరే పెట్టి చెప్పడం చాలాచోట్ల అలవాటు. అందుకే ‘లుక్ ఎట్ ఇట్’ అని సరిగ్గా అన్నవాళ్లే, అదే పద్ధతిలో ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనేస్తారు. వాళ్ల తర్కంలో తప్పు లేదు, వాళ్లకి చెప్పిన విషయంలోనే సగం లేదు.

ముందే ఒక మాట. ఇంగ్లీషులో రెండు ఎఫ్‌లు ఉన్న మాట, ఒక ఎఫ్ ఉన్న మాట తెలుగు లిపిలోకి వచ్చేసరికి కవలల్లా తయారవుతాయి. ఇక్కడ ‘ఆఫ్’ అంటే రెండు ఎఫ్‌లది, లైటు ఆర్పేది. ఒక ఎఫ్ ఉన్నదాన్ని పలికేతీరుని బట్టి ‘ఆవ్’ అని రాస్తే గందరగోళం ఉండదు.

ఇప్పుడు పక్షం తేల్చే పరీక్షల సంగతి. అన్నిట్లోకీ తేలికైంది సర్వనామంతో చేసేది. కర్మ స్థానంలో ‘ఇట్’ గానీ ‘దెమ్’ గానీ పెట్టి చూడాలి. క్రియ తాలూకు మాట అయితే సర్వనామం మధ్యలోకి వచ్చి తీరాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’, ‘పుట్ దెమ్ ఆన్’, ‘గివ్ ఇట్ బ్యాక్’. నామవాచకం తాలూకు అయితే సర్వనామం దాని వెనకే ఉండాలి: ‘లుక్ ఆఫ్టర్ ఇట్’, ‘వెయిట్ ఫర్ దెమ్’. మామూలు నామవాచకమైతే మొదటి రకంలో రెండు వరుసలూ నడుస్తాయి, ‘టర్న్ ఆఫ్ ద లైట్’ అన్నా ‘టర్న్ ద లైట్ ఆఫ్’ అన్నా ఒకటే. కాకపోతే కర్మ బాగా పొడుగ్గా ఉంటే, అంటే నిన్న రాత్రి నువ్వు వెలిగించి మర్చిపోయిన ఆ మూడు లైట్లూ అన్నంత ఉంటే, దాన్ని మధ్యలో కుక్కరు, ‘టర్న్ ఆఫ్’ ముందు చెప్పేసి ఆ పొడుగంతా చివర పడేస్తారు. ‘టర్న్’ అని మొదలుపెట్టి అంతసేపటికి ‘ఆఫ్’ దగ్గరికి చేరితే వినేవాడు ఏం తిప్పమన్నారో, ఎటు తిప్పమన్నారో తెలియక మధ్యలోనే దారి తప్పుతాడు. సర్వనామం మధ్యలోకి ఎందుకొస్తుందన్నదానికీ జవాబు ఇదే కోవలో ఉంది: ‘ఇట్’ అంటే అప్పటికే తెలిసిన విషయం, తేలికైన మాట, చివరి చోటు కొత్త విషయానికి ఇవ్వడం ఇంగ్లీషు అలవాటు.

ప్రతి మాటకీ పరీక్ష పెట్టక్కర్లేదు కూడా. ‘ఎట్’, ‘ఫర్’, ‘ఫ్రమ్’, ‘ఆవ్’, ‘విత్’, ‘ఇన్‌టు’ దాదాపు ఎప్పుడూ నామవాచకం పక్షమే, వాటి వెనక ఏదో ఒక నామవాచకం లేకపోతే అవి ఊపిరాడనట్టు ఉంటాయి. ‘అవే’, ‘బ్యాక్’, ‘అపార్ట్’, ‘టుగెదర్’, ‘ఫార్వర్డ్’ ఎప్పుడూ క్రియ పక్షమే. ‘అవుట్’ కూడా ఎక్కువగా ఇటే, అమెరికన్లు ‘అవుట్ ద డోర్’ అన్నప్పుడు మాత్రం అటు దూకుతుంది. చిక్కంతా గోడమీది పిల్లులతోనే: ‘అప్’, ‘డౌన్’, ‘ఇన్’, ‘ఆన్’, ‘ఆఫ్’, ‘ఓవర్’, ‘త్రూ’, ‘రౌండ్’, ‘అక్రాస్’. ఇవి రెండు పక్షాల్లోనూ పనిచేస్తాయి. ‘టర్న్ డౌన్ ద రోడ్’ అంటే ఆ రోడ్డులోకి తిరగడం, ‘టర్న్ డౌన్ ది ఆఫర్’ అంటే వద్దని తిప్పికొట్టడం. పరీక్ష అవసరమయ్యేది ఈ గుంపుకే.

చెవితో కూడా పట్టుకోవచ్చు, కానీ తెలుగువాళ్లకి అది కొంచెం కష్టం, ఎందుకంటే తెలుగులో మాటలోని ఒక భాగాన్ని ఒత్తి పలికితే అర్థం మారే ఏర్పాటు లేదు. ఇంగ్లీషులో క్రియ పక్షపు మాటకి ఒత్తు పడుతుంది. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో గట్టిగా వినిపించేది ‘ఆఫ్’. ‘లుక్ ఎట్ ఇట్’లో గట్టిగా వినిపించేది ‘లుక్’, ‘ఎట్’ని సగం మింగేస్తారు, అది ‘లుకటిట్’ అన్నట్టు ఒకే మాటగా దొర్లిపోతుంది. ఇంగ్లీషు సినిమాలు చూసేటప్పుడు ప్రిపోజిషన్లు వినపడలేదని చాలామంది అనుకునేది ఇందుకే. అవి వినపడకపోవడం వినేవాళ్ల చెవి లోపం కాదు, వాటిని పలికే పద్ధతే అది.

ఇదే క్రియల్ని నామవాచకంగా మార్చినప్పుడు ఒత్తు ముందుకి జరుగుతుంది. యంత్రం ‘బ్రేక్ డౌన్’ అయిందని క్రియగా చెబితే ‘డౌన్’ మీద ఒత్తు, మధ్యలో ఖాళీ వదిలి రాయాలి. ‘ఎ బ్రేక్‌డౌన్’ అని నామవాచకంగా చెబితే ‘బ్రేక్’ మీద ఒత్తు, కలిపి రాయాలి. ‘సెట్ అప్’కీ ‘సెటప్’కీ, ‘లాగ్ ఇన్’కీ ‘లాగిన్’కీ ఇదే తేడా. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు కూడా బటన్ మీద ఏది రాయాలో తెలియక తికమకపడే విషయం ఇది. బటన్ నొక్కి చేసేది ఒక పని కాబట్టి విడదీసి రాయడమే పద్ధతి.

అసలైన ఆడ్వర్బ్‌లు, అంటే ‘-లీ’తో ముగిసేవి, ఈ ఖాళీలో ఎక్కడ దూరతాయన్నది ఇంకో ఆసక్తికరమైన సంగతి. వ్యాకరణ పుస్తకాల్లో వాటికి వేరే అధ్యాయం ఉంటుంది గానీ నిజానికి అదీ ఈ కథలో భాగమే. ఇంగ్లీషు క్రియకీ నేరుగా వచ్చే కర్మకీ మధ్య ఇవి దూరడానికి వీల్లేదు. తెలుగులో ‘అతను ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు’ అన్నా ‘గడగడా ఇంగ్లీషు మాట్లాడతాడు’ అన్నా పేచీ లేదు. ఇంగ్లీషులో ‘హి స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇంగ్లిష్’ అనకూడదు, ‘ఫ్లూయెంట్లీ’ చివరికి పోవాల్సిందే. కానీ క్రియకీ ప్రిపోజిషన్‌కీ మధ్య మాత్రం ఆ తలుపు బార్లా తెరిచి ఉంటుంది: ‘రిలై హెవిలీ ఆన్’, ‘థింక్ కేర్‌ఫులీ అబౌట్’, ‘స్పీక్ ఓపెన్లీ టు’. ప్రిపోజిషన్ తన నామవాచకంతో కలిసి వేరే కాపురం పెట్టుకుంది కాబట్టి ఆ సందులోంచి ఎవరైనా నడిచి వెళ్లొచ్చు. అదే ‘గివ్ అప్’ లాంటి జంట అయితే ‘గివ్ కంప్లీట్లీ అప్’ అనలేం, ‘గివ్ అప్ కంప్లీట్లీ’ గానీ ‘కంప్లీట్లీ గివ్ అప్’ గానీ అనాలి. ‘రైట్’, ‘స్ట్రెయిట్’ లాంటి ఒకటి రెండు మాటలకి మాత్రం మినహాయింపు ఉంది. ‘కమ్ రైట్ ఇన్’ అంటే మొహమాటం లేకుండా లోపలికి వచ్చెయ్ అని.

ఏ క్రియ పక్కన ఏ ఆడ్వర్బ్ కూర్చుంటుందన్నది తర్కం కంటే అలవాటు మీద ఎక్కువ నడుస్తుంది. గట్టిగా సిఫారసు చేయడం ‘స్ట్రాంగ్లీ రికమెండ్’, లోతుగా బాధపడటం ‘డీప్లీ రిగ్రెట్’, ఖరాఖండిగా కాదనడం ‘ఫ్లాట్లీ రెఫ్యూజ్’. ఒకటి చాలా అవసరమైతే ‘బ్యాడ్లీ నీడ్’ అంటారు, ఇందులో చెడు ఏమీ లేదు. తెలుగులోనూ ‘భయంకరంగా నచ్చింది’ అనేవాళ్లున్నారు కాబట్టి నవ్వేందుకు మనకి పెద్దగా హక్కు లేదు. ‘హార్డ్’, ‘హార్డ్లీ’ మాత్రం జాగ్రత్త, ‘వర్క్‌స్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాడని, ‘హార్డ్లీ వర్క్‌స్’ అంటే పని చేసేదే తక్కువని.

రెండు పక్షాల మనుషులూ ఒకే క్రియ వెనక వరుసగా నిలబడే సందర్భాలున్నాయి: ‘పుట్ అప్ విత్’, ‘రన్ అవుట్ ఆవ్’, ‘గెట్ అవే విత్’, ‘లుక్ ఫార్వర్డ్ టు’. చూడ్డానికి మూడు మాటల మూటలా భయపెడతాయి గానీ, మధ్యలోది క్రియ తాలూకు, చివరిది నామవాచకం తాలూకు అని విడదీస్తే లెక్క సులువు. చివర ఉన్నది ప్రిపోజిషన్ కాబట్టి సర్వనామం దాని తర్వాతే వస్తుంది, ‘పుట్ అప్ విత్ ఇట్’. ఉద్యోగాలకి పెట్టే ఉత్తరాల్లో కనిపించే ఒక తప్పు ఇక్కడే పుడుతుంది. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఉన్న ‘టు’ని చూసి ‘టు గో’, ‘టు హియర్’ తరహా ‘టు’ అనుకుని ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ అని రాసేస్తారు. ఇది ప్రిపోజిషన్ ‘టు’. దాని వెనక నామవాచకమో, నామవాచకంలా పనిచేసే ‘-ఇంగ్’ రూపమో ఉండాలి, అందుకే ‘హియరింగ్’. ‘అలవాటైపోయింది’ అనే అర్థంలో ‘ఐయామ్ యూస్డ్ టు వెయిటింగ్’ అనడం, ‘అభ్యంతరం’ అనే అర్థంలో ‘ఆబ్జెక్ట్ టు పేయింగ్’ అనడం కూడా అచ్చం ఇందుకే. ఏ ‘టు’ అన్నది తేల్చుకోవడానికి దాని తర్వాత ‘ఇట్’ పెట్టి చూడొచ్చు. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదిరింది కదా, అయితే ప్రిపోజిషనే.

వరుస సంగతి సరే, అర్థాల సంగతి? ఇక్కడే అందరూ చేతులెత్తేస్తారు. 1755లో తన నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్ కూడా దాని ముందుమాటలో ఈ బాధ గురించి రాశాడు: క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే పద్ధతి ఇంగ్లీషులో ఉన్నంతగా మరే భాషలోనూ లేదేమోననీ, పరాయివాళ్లకి అన్నిటికంటే ఎక్కువ కష్టం అక్కడేననీ. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ‘టేక్ ఆఫ్’ ఉంది, దానికి ఆయన చెప్పిన అర్థం నకలు తీయడం. దానికి దగ్గరి అర్థం, అంటే ఎవరినైనా వెక్కిరిస్తూ అనుకరించడం, ఇప్పటికీ ఉంది, కాకపోతే నేడు ‘టేక్ ఆఫ్’ అనగానే విమానం తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. ఇలాంటి జంటల్ని ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరుతో పిలవడం 1925 నాటి లోగన్ పియర్సల్ స్మిత్ రచనతో వ్యాప్తిలోకి వచ్చింది, ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు. పేరు లేకుండానే ఇంగ్లీషువాళ్లు వందల ఏళ్లు వాడేశారన్నమాట.

క్రియల అక్షరక్రమంలో ఐదొందల జంటలు పేర్చి బట్టీ పట్టమనే జాబితాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటితో పెద్ద ఉపయోగం లేదు. ‘గెట్’ కింద ముప్ఫై, ‘టేక్’ కింద ముప్ఫై చదివితే రేపటికి అన్నీ కలగాపులగం అవుతాయి. దానికి బదులు చిన్న మాటని పట్టుకుని వెళితే దారి కనిపిస్తుంది, ఎందుకంటే అర్థం బరువులో ఎక్కువ భాగం మోసేది సాధారణంగా ఆ చిన్న మాటే, క్రియ కాదు.

‘అప్’నే తీసుకోండి. పైకి అన్నది అసలు అర్థం. పైకి పోవడమంటే పెరగడం, కాబట్టి ‘స్పీడ్ అప్’, ‘స్పీక్ అప్’, ‘హీట్ అప్’. కింద దాగింది పైకొస్తే కనిపిస్తుంది, కాబట్టి ‘షో అప్’, ‘టర్న్ అప్’. గిన్నె నింపుతూ పోతే మట్టం పైదాకా వస్తుంది, ఇక చోటుండదు, అంటే పూర్తయింది, కాబట్టి ‘ఫిల్ అప్’, దాని వెంటే ‘డ్రింక్ అప్’, ‘యూజ్ అప్’, ‘టేర్ అప్’. ఈ చివరి వరుస చూసి, తాగడానికీ పైకి పోవడానికీ ఏం సంబంధం అని విసుక్కునేవాళ్లు ఒక్కసారి తెలుగు వైపు తిరిగి చూడాలి. ‘తాగు’కీ ‘తాగెయ్’కీ తేడా ఏమిటి? ‘తాగెయ్’లో ఉన్నది ‘వేయు’, అంటే పడేయడం, విసరడం. తాగేటప్పుడు ఎవరూ ఏదీ విసరరు. అయినా ‘తాగేశాడు’ అంటే మిగల్చకుండా పూర్తిచేశాడని ఐదేళ్ల పిల్లవాడికీ తెలుసు. ‘డ్రింక్ అప్’ సరిగ్గా ‘తాగెయ్’, ‘టేర్ అప్’ సరిగ్గా ‘చించెయ్’. ‘రైట్ డౌన్’ అంటే ‘రాసిపెట్టు’, ఇక్కడ ‘డౌన్’ చేసే పని తెలుగులో ‘పెట్టు’ చేస్తోంది. ‘లుక్ ఆఫ్టర్’ అంటే చూడటం కాదు, ‘చూసుకోవడం’. ‘బ్రష్ ఆఫ్’ అంటే ‘కొట్టిపారెయ్యడం’. ఇంగ్లీషు ఒక చిన్న మాటతో చేసే పనిని తెలుగు రెండో క్రియతో చేస్తుంది, అంతే తేడా. కొట్టడమూ పారెయ్యడమూ కలిస్తే లక్ష్యపెట్టకపోవడం ఎలా అయిందని పరాయివాడు అడిగితే మన దగ్గర మాత్రం ఏం సమాధానం ఉంది?

‘అవుట్’కి బయటికి అని అర్థం. దాగినది బయటపడితే తెలుస్తుంది, అందుకే ‘ఫైండ్ అవుట్’, ‘ఫిగర్ అవుట్’, ‘పాయింట్ అవుట్’. చేతిలోది బయటికి పోతే పంచినట్టు, ‘హ్యాండ్ అవుట్’. అంతా బయటికి పోతే ఇక లేనట్టు, ‘రన్ అవుట్’, ‘డై అవుట్’. ‘ఆన్’లో ఆగకుండా సాగడం ఉంది, ‘క్యారీ ఆన్’, ‘గో ఆన్’. ‘ఓవర్’లో ఒకసారి పైనుంచి కిందిదాకా పరికించడం ఉంది, ‘థింక్ ఓవర్’, ‘లుక్ ఓవర్’. అయితే అదే ‘ఓవర్’ని వెనకనుంచి ముందుకి తెచ్చి ‘ఓవర్‌లుక్’ అంటే చూడకుండా వదిలేయడం! పరిశీలించడమూ, చూపు దాటిపోవడమూ రెండూ ‘పైనుంచి చూడటం’లోంచే వచ్చాయి, ఒకటి ఆగి చూసింది, ఇంకొకటి పైపైన దాటిపోయింది.

అన్నీ ఇలా తీగ లాగితే వస్తాయని కాదు. ‘ద లైట్ వెంట్ ఆఫ్’ అంటే లైటు ఆరిపోయింది, ‘ది అలారం వెంట్ ఆఫ్’ అంటే అలారం మోగింది. ఒకటి ఆగడం, ఒకటి మొదలవడం. బిగించి పెట్టిన తుపాకి పేలడాన్ని కూడా ‘గో ఆఫ్’ అనే అంటారు కాబట్టి, అలారం విషయంలో ‘ఆఫ్’ని పట్టు విడిపోవడంగా అర్థం చేసుకుంటే కొంత పొసుగుతుంది. ఫారం నింపడాన్ని ‘ఫిల్ ఇన్’ అన్నా ‘ఫిల్ అవుట్’ అన్నా ఒకటే, లోపలా బయటా రెండూ ఒకటైన చోటు అదొక్కటేనేమో. ఇల్లు ‘బర్న్ డౌన్’ అయితే నేలమట్టమైంది, కాగితం ‘బర్న్ అప్’ అయితే బూడిదైపోయింది, కాలడం కాలడమే. ఇలాంటివి వాడగా వాడగా అబ్బాలి తప్ప నియమాలతో లొంగవు.

చిన్న మాట పెద్ద మాటని లాక్కుపోవడం మనకి కొత్తేమీ కాదు. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి ఈడ్చుకుపోతుందని చెప్పే పాత సంస్కృత శ్లోకం ఒకటుంది, దాంట్లో ఉదాహరణలు ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం. ధాతువు ఒకటే, ముందు చేరిన ముక్క మారేసరికి ఒకచోట దెబ్బ, ఒకచోట తిండి, ఒకచోట చావు, ఒకచోట షికారు. ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ ఫర్’, ‘లుక్ ఇన్‌టు’, ‘లుక్ డౌన్ ఆన్’ చూసి బెంబేలెత్తేవాళ్లు ఈ ఐదు మాటల్నీ ఎలా కలగాపులగం చేసుకోకుండా వాడుతున్నారో ఆలోచిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇంకో పోలిక ఇంతకంటే దగ్గరిది. ఉపసర్గలు ధాతువుకి ముందు రావాలని చెప్పిన పాణినే, వెంటనే వేద భాషలో అవి ధాతువు తర్వాత కూడా రావచ్చనీ, మధ్యలో వేరే మాటలు అడ్డొచ్చినా ఫర్వాలేదనీ రెండు సూత్రాలు చేర్చాడు. అంటే ‘టర్న్ ద లైట్ ఆఫ్’ లాంటి ఏర్పాటే. జర్మన్‌లో ఇప్పటికీ అలాగే ఉంది, ‘ఆన్‌కొమెన్’ అంటే చేరుకోవడం, వాక్యంలో పెడితే అది విరిగి ‘ఇష్ కొమె మోర్గెన్ ఆన్’ అని ‘ఆన్’ చివరికి పోతుంది.

పాత ఇంగ్లీషు కూడా ఈ ముక్కల్ని ఎక్కువగా ముందే తగిలించేది, ‘అండర్‌స్టాండ్’, ‘ఓవర్‌కమ్’, ‘విత్‌స్టాండ్’ ఆ కాలపు అవశేషాలు. ‘విత్‌స్టాండ్’లో ‘విత్’కి పాత అర్థం ‘ఎదురుగా’, అందుకే అది ఎదురు నిలబడటం అయింది, ‘ఫైట్ విత్’లో ఆ వాసన ఇంకా ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచి మాటలు వెల్లువలా వచ్చాయి, ముందు తగిలించే పద్ధతి క్రమంగా వాడిపోయింది, వెనక తగిలించే పద్ధతి బలపడింది. ఫలితంగా ఇంగ్లీషులో ఒకే పనికి రెండేసి మాటలు మిగిలాయి. వాయిదా వేయడం మాటల్లో ‘పుట్ ఆఫ్’, కాగితం మీద ‘పోస్ట్‌పోన్’. విడ్డూరం ఏమిటంటే ‘పోస్ట్‌పోన్’ని విప్పి చూస్తే లాటిన్‌లో ‘పోస్ట్’ అంటే తర్వాత, ‘పోనెరె’ అంటే పెట్టడం. ‘ఇన్‌స్పెక్ట్’ అంటే లోపలికి చూడటం, అంటే ‘లుక్ ఇన్‌టు’. ‘ఇజెక్ట్’ అంటే బయటికి విసరడం, ‘త్రో అవుట్’. పండితుల మాట, వీధి మాట రెండూ ఒకే అచ్చులో పోసినవి, లాటిన్ ముక్కని ముందు పెట్టింది, ఇంగ్లీషు వెనక పెట్టింది. మర్యాద తేడా మాత్రం నిజం, అయినా ‘ఫ్రేజల్ వెర్బ్ అంటే నాటు ఇంగ్లీషు’ అని కొట్టిపారెయ్యడం తప్పు. పరిశోధనా పత్రాల్లో కూడా ‘క్యారీ అవుట్’, ‘పాయింట్ అవుట్’, ‘అకౌంట్ ఫర్’ లేకుండా పేజీ దాటదు.

ఈ లాటిన్ కథ తెలిస్తే తెలుగువాళ్లు తరచు చేసే కొన్ని తప్పుల గుట్టు కూడా బయటపడుతుంది. ‘రిటర్న్ బ్యాక్’ అనకూడదంటారు, ఎందుకంటే ‘రి’లోనే వెనక్కి అనే అర్థం ఉంది. గదిలోకి వెళ్లడాన్ని ‘ఎంటర్ ఇన్‌టు ద రూమ్’ అనకూడదు, లోపలికి అన్నది ‘ఎంటర్’లోనే ఉంది, ఒప్పందం కుదుర్చుకోవడానికి మాత్రం ‘ఎంటర్ ఇన్‌టు’ కావాలి. కొన్ని తప్పులు తిన్నగా తెలుగు విభక్తుల్లోంచి వస్తాయి. ‘దాని గురించి చర్చించాం’ అన్న అలవాటుతో ‘డిస్కస్డ్ అబౌట్’ అంటాం, ఇంగ్లీషులో ఆ క్రియకి నేరుగా కర్మ వస్తుంది, ‘అబౌట్’ అక్కర్లేదు, ‘డిస్కషన్’ అనే నామవాచకం అయితే మళ్లీ కావాలి. ‘నా మీద కోపం’లోంచి ‘యాంగ్రీ ఆన్ మి’, కావలసింది ‘విత్’ లేదా ‘ఎట్’. ‘అతనితో పెళ్లయింది’లోంచి ‘మ్యారీడ్ విత్’, కావలసింది ‘టు’. ‘పాటలు వింటున్నా’లోంచి ‘లిజనింగ్ మ్యూజిక్’, అక్కడ ‘టు’ పోయింది. ఇక ‘కోప్ అప్ విత్’ ఉంది చూశారూ, దానిది వేరే కథ. ‘కోప్ విత్’ ఒక్కటే సరైనది, కానీ ‘పుట్ అప్ విత్’, ‘కీప్ అప్ విత్’, ‘క్యాచ్ అప్ విత్’ అనే ఇన్ని చుట్టాల మధ్య తిరిగి తిరిగి దానికీ ఒక ‘అప్’ అంటుకుంది.

ఈ జంటల బలాన్నీ, బలహీనతనీ ఒకేసారి చూపించిన ప్రయోగం ఒకటి జరిగింది. 1930లో సి.కె. ఆగ్డెన్ ప్రపంచమంతా సులువుగా నేర్చుకోడానికని 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లిష్’ తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే: ‘గెట్’, ‘గివ్’, ‘గో’, ‘పుట్’, ‘టేక్’ లాంటివి. మిగతా పనులన్నీ వాటి పక్కన ‘అప్’, ‘ఇన్’, ‘అవుట్’ పెట్టి నడిపించాలి. ‘ఎంటర్’ అక్కర్లేదు, ‘గో ఇన్’ ఉంది. లెక్కకి అద్భుతంగా ఉంది. కానీ ‘పుట్’, ‘అప్’, ‘విత్’ మూడూ విడివిడిగా వచ్చినవాడికి ‘పుట్ అప్ విత్’ అంటే భరించడమని ఎలా తెలుస్తుంది? మాటలు తగ్గాయి గానీ నేర్చుకోవాల్సిన అర్థాలు తగ్గలేదు, జాబితాలో లెక్కకి రాకుండా పోయాయంతే.

ప్రిపోజిషన్‌తో వాక్యం ముగించకూడదనే పాత పట్టింపు గురించి కూడా ఒక మాట. 1672లో కవి జాన్ డ్రైడన్, తన ముందు తరంవాడైన బెన్ జాన్సన్ రాతల్లో అది దోషమని ఎత్తి చూపాడు, ఆ తర్వాత అది బడి నియమంగా స్థిరపడింది. కానీ ‘వాట్ ఆర్ యు లుకింగ్ ఎట్’ అన్నది చక్కటి ఇంగ్లీషు, దాన్ని ‘ఎట్ వాట్’ అని తిప్పితే ఎవరూ మామూలుగా మాట్లాడినట్టు ఉండదు. పైగా ‘హి గేవ్ అప్’ అన్నప్పుడు చివర ఉన్నది ప్రిపోజిషనే కాదు, కాబట్టి ఆ నియమం పాటించేవాళ్లకి కూడా దానితో పేచీ ఉండకూడదు.

ఇంతకీ తెలుగు ఈ జంటల్ని ఎలా అరువు తెచ్చుకుందో చూస్తే సరదాగా ఉంటుంది. ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆన్’ అనే జంటల్లోంచి ‘టర్న్’నీ ‘స్విచ్’నీ వదిలేసి, చిన్న మాటని మాత్రం ఉంచుకుని ‘లైటు ఆఫ్ చెయ్’, ‘ఫోను ఆన్ చెయ్’ అంటున్నాం. చొక్కా ‘ఇన్ చేశాడు’, ఆటలో ‘అవుట్ అయ్యాడు’, సర్వర్ ‘డౌన్ అయింది’, మరీ అతి చేస్తే ‘ఓవర్ చెయ్యకు’. ఇంగ్లీషు వ్యాకరణం ఒక్క ముక్క చదవనివాళ్లు కూడా ఇవన్నీ అంటారు, ‘ఎట్ చెయ్’ అనిగానీ ‘ఫ్రమ్ అయింది’ అనిగానీ మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు.